తాత పాటకి శృతి

హవాయి పెద్ద దీవి, వైమేయా ఊరు. పశువులు కాసే ముసలాయన పోయి నెల దాటింది. రేపు ఆయన పేరు మీద చర్చి ఆవరణలో విందు. గుర్రపు జీనులు పెట్టుకునే కొట్టంలో ఆయన కూతురు కెహౌ, కొడుకు నైనోవా. బల్ల మీద దుప్పటి కప్పిన గిటార్.

"దుప్పటి తియ్యమన్నా."

"తీస్తాలే అక్కా. ముందు కాఫీ తాగు, చల్లారిపోద్ది."

"కాఫీ తాగడానికా నన్ను పిలిచింది? అక్కడ విందుకి పందిని గుంటలో పెట్టి కాల్చే పని వదిలేసి వచ్చా."

"పంది సంగతి మామయ్య చూసుకుంటాడు."

"మామయ్య చూసుకుంటే పచ్చి మాంసమే తినాలి రేపు. దుప్పటి."

"వానలు కదక్కా. తేమ. ఈ ఊరి తేమకి ఎలాంటి చెక్కైనా..."

"ఇదిగో, నేనే తీశా. తేమా ఇది?"

"తేమే."

"తేమ వచ్చి, తీగలు పట్టుకునే బ్రిడ్జి చెక్కని కింద గోరు దూరేంత లేపిందా? గిటార్ పొట్ట చూడు, నెలలు నిండిన మనిషికి ఉబ్బినట్టు ఉబ్బింది. ఏం తీగలు కట్టావ్?"

"తీగలే. ఏవుంటే అవి."

"నాన్నకి తీగలు కట్టింది ఎవరు?"

"నువ్వే."

"ఎలాంటివి కట్టా?"

"సన్నవి."

"ముప్పై ఏళ్ళు సన్నవే కట్టా. ఇవి లావువి. తాత వాడేవాడే, అలాంటివి."

"తాత పాటకి లావు తీగలే కావాలి కదక్కా. అన్నీ బాగా కిందకి దించే శృతి అది, మన ఇల్లు దాటి బయటికి చెప్పనిది. సన్నవి అంత దించితే బట్టలారేసే తాడులా వేలాడతయ్."

"ఆ సంగతి తెలుసన్నమాట."

"ఆ మాత్రం తెలీదా నాకు."

"తెలిస్తే దించి ఉంచాలి. దించిన లావు తీగ చెక్కని అంతగా లాగదు. నువ్వు తెగ బిగించావ్. సన్న తీగలకి అలవాటు పడిపోయిన చెక్క ఇది. ముసలి గుర్రం మీద ఇద్దరు మనుషుల్ని ఎక్కించి కొండెక్కమన్నట్టుంది నీ పని."

"రెండు మూడు రోజులేగా."

"రెండా, మూడా?"

"వారం అనుకో. రెండు వారాలు. సాధన చెయ్యాలి కదా. హిలో పట్నం నుంచి కూడా వస్తున్నారంట. తాత పాట వినకుండా కుర్చీలోంచి లేవనంటోంది మోమి ఆంటీ."

"ఆమె మామూలుగానే లేవదు. ఆ కుర్చీ పాపం."

"నవ్వులాట కాదక్కా."

"నేనేం నవ్వడం లేదు. వస్తారు మరి. పాస్టర్ గారు శవపెట్టె పక్కన నిలబడి చెప్పాడు కదా. తండ్రి చివరి గడియలో శృతి కొడుక్కి అప్పగించాడు, ఈ ఇంటి పాట బతికింది అని. నువ్వు తల వంచుకుని నిలబడ్డావ్. నాకు ఏడుపొచ్చింది. నాన్న కోసమే ఏడుస్తున్నా అనుకున్నారు అందరూ."

"అవన్నీ ఇప్పుడెందుకు? జిగురు పెట్టి బిగిస్తే రేపటికి అతుక్కుంటదా? నువ్వు జీనులు బాగు చేస్తావ్ కదా, ఇదీ అలాంటిదే కదా."

"అతుక్కోదు. ఇటు రా. బిరడల దగ్గర చూడు."

"ఏముంది?"

"తీగ నలిగి పోగులు లేచిపోయింది. ఇదీ అంతే. ఇదైతే రేపో మాపో తెగుద్ది. శృతి తెలిసినోడు బిరడని ఇన్నిసార్లు తిప్పడు తమ్ముడూ. పెడతాడు, వాయిస్తాడు, పక్కన పెట్టేముందు దించేస్తాడు. నువ్వు పైకి తిప్పావ్, కిందకి తిప్పావ్, మళ్ళీ పైకి తిప్పావ్. ఏం వెతికావ్?"

"వెతకలేదు."

"నైనోవా."

"ఒక తీగ మర్చిపోయా. ఒక్కటి. దాని కోసం కొంచెం అటూ ఇటూ..."

"అన్ని తీగలూ నలిగినయ్."

"మెల్లగా మాట్లాడు. బయట నీ మరదలుంది."

"మెల్లగానే అడుగుతున్నా. నాన్న నీకు శృతి చెప్పాడా, చెప్పలేదా?"

"చెప్పలేదు."

"మరి చెప్పాడని ఎందుకన్నావ్?"

"ఎందుకేంటి? అందరూ నా మొహమే చూశారు. బతికున్నన్నాళ్ళూ ఎవరు ఆ పాట అడిగినా నాన్న 'ఇంకోసారి చూద్దాం' అంటూ తప్పించుకున్నాడు. ఆయన పోయాక వాళ్ళు ఎవర్నడగాలి? కొడుకుని. కొడుక్కి తెలీదంటే ఊళ్ళో మొహం ఎలా చూపించను?"

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"శృతి. పద్నాలుగేళ్ళప్పటి నుంచి తెలుసు."

"ఊరుకో అక్కా. తీగలు దించకుండా నాన్న గిటార్ ఎప్పుడైనా కింద పెట్టాడా? అమ్మని కూడా చూడనివ్వలేదు."

"దించేవాడు. ఆయన దించినా తీగ మర్చిపోదు కదా. గిటార్ మెడ పైన గాడిలో కూర్చున్న చోట తీగ మీద నొక్కు పడుద్ది. బిరడ కన్నంలో తీగ దూర్చడం నాన్నకి విసుగు, పాతవి తీసి కొత్తవి కట్టే పని నాకే చెప్పేవాడు. ఒకరోజు ఆ నొక్కులు కనపడ్డయ్. ఏ నొక్కు ఆ గాడిలోకి వచ్చేదాకా ఒక్కోటీ బిగించా. అన్నీ అయ్యాక ఒకసారి మీటా. అచ్చం తాత పక్కన కూర్చున్నట్టుంది."

"మరి ఇన్నాళ్ళూ నోరెత్తలేదే?"

"వాయించా కదా. ఇక్కడే, ఈ కొట్టంలోనే, పాట మొత్తం. అయ్యాక తలెత్తితే గుమ్మంలో నాన్న. భుజం మీద జీను. దాన్ని దించడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు."

"తిట్టాడా?"

"తిట్టినా బావుండేది. ఒక్క ముక్క అనలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మర్నాడు సన్న తీగలు కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టి, ఇవి కట్టు అన్నాడు. అంతే. మళ్ళీ ఈ ఇంట్లో తాత పాట మోగలేదు. నీకు ఊరందరికీ తెలిసిన శృతి నేర్పాడు. నాకు అదీ లేదు. ఆడపిల్ల చెయ్యి పడిన పాట ఇంకెందుకని పారేశాడు."

"అలా అని నీతో అన్నాడా?"

"అనాలా? ముప్పై ఏళ్ళు నోరు మూసుకున్నాడు, చాలదా? నేనూ మళ్ళీ వాయించలేదు. తీగలు మార్చా, దుమ్ము తుడిచా. నాకు మిగిలింది అదే."

"పోన్లే అక్కా. ఇప్పుడైనా ఇంటికి పనికొస్తది. మామయ్య గిటార్ అడిగి తెస్తా. నువ్వు శృతి పెట్టివ్వు, నేను వాయిస్తా. మూడో మనిషికి తెలీదు."

"నేను శృతి పెట్టిచ్చి నీ పక్కన నిలబడాలా, వెళ్ళి మాంసం వడ్డించుకోవాలా?"

"నాన్న పరువక్కా."

"నాన్నదా, నీదా?"

"ఎవరిదైతే ఏంటి, రేపొక్కరోజు గట్టెక్కించు. కాళ్ళు పట్టుకోమంటావా?"

"వద్దు. శృతి పెట్టి ఇస్తా. కానీ ముందు ఒకటి చెప్పు. ఆసుపత్రిలో గది తలుపేసుకుని నాన్న దగ్గర అంతసేపు కూర్చున్నావ్. శృతి చెప్పకపోతే ఏం చెప్పాడు?"

"ఏం లేదు."

"అంతసేపూ ఏం లేదా?"

"వద్దులే అక్కా."

"చెప్పకపోతే నేను వెళ్తా. పంది ఉంది అక్కడ."

"శృతే అడిగా. మళ్ళీ మళ్ళీ అడిగా. తల అడ్డంగా ఊపాడు. 'అది నాది కాదురా, కెహౌ వాయించిన రోజే దాని సొంతమైపోయింది, అది విన్నాక మళ్ళీ వాయించాలంటే నాకు సిగ్గేసింది' అన్నాడు."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఇంకా ఏమన్నాడు నైనోవా?"

"'దాన్ని పిలువు, గిటార్ తెమ్మను, ఒకసారి విని పోతా' అన్నాడు. నువ్వు తలుపు అవతలే కూర్చున్నావక్కా. ఇంటికెళ్ళిపోయావని చెప్పా."