శ్రీరంగప్ప ఐర్లాండుకు తోలిన రైలు

ధర్మవరంలో శ్రీరంగప్ప నోరు తెరిస్తే వీధిలో మిగతా అరుగులన్నీ ఖాళీ అయిపోతాయి. పందొమ్మిది వందల ఎనభై మూడు ఎండాకాలంలో ఒక సాయంత్రం కూడా జనమంతా ఆయన అరుగు మీదే చేరారు. వాళ్లలో వినే ఓపిక లేనివాడు ఒక్క బాలప్పే. శ్రీరంగప్పకు బామ్మర్ది, గోరంట్ల నుంచి వచ్చాడు, అక్క నాగలక్ష్మమ్మను పుట్టింటికి తీసుకుపోవడానికి. మంచాన పడ్డ తల్లి పొద్దు గూకితే చాలు, "లచ్చిమి వచ్చిందా?" అని అడిగేది. నెల నుంచి అడగడం మానేసింది. మనుషుల్నీ గుర్తుపట్టడం లేదు. ఆ సంగతి చెప్పడానికి బాలప్పకు ఇంకా నోరు రాలేదు.

"అక్కను పంపుతావా బావా?" అని వచ్చీ రాగానే అడిగాడు.

"పడుగు దిగనీ, ఇద్దరమూ వస్తాం."

నాలుగేళ్లుగా ఇదే మాట! నేసేవాళ్ల ఇంట్లో పడుగు, అంటే మగ్గానికెక్కించిన నిలువు పోగులు, దిగేదెప్పుడు? పాత పడుగు కొసలు మగ్గం మీద ఉండగానే కొత్త పడుగును పోగు పోగునా దానికి అతికేస్తారు. మగ్గం ఖాళీ అయ్యే రోజంటూ రాదు. పైగా ఆ అతికే పని నాగలక్ష్మమ్మదే. ఈ మాట అందామని బాలప్ప గొంతు సవరించుకునేలోపే బావ అరుగెక్కి కథ ఎత్తుకున్నాడు.

"రెండేండ్ల కింద లండన్ దొరసాని ఒకామె పట్టుచీర కొనేకి మనింటికొచ్చె. పోతా పోతా వాళ్ల దేశం రైలు పటం నా చేతిలో పెట్టి, 'శ్రీరంగప్పా, నువ్వొచ్చి మా దేశమంతా చూసిపోవల్ల' అనె. నేను పటం ఇట్ల చూసి అట్ల చెప్పేస్తి. 'అమ్మా, లండన్లో ఎక్కుతా, యార్కులో దిగి ఇంత తింటా, ఎడిన్‌బరోలో పండుకుంటా, గ్లాస్గో మీద తిరుక్కొస్తా. చీరకు అంచు మాదిరి మీ దేశం చుట్టూ పోవల్ల, నడిమధ్యలో ఊర్లన్నీ బుటాల లెక్క' అంటి. ఆమె తెల్లబోయి చూసె."

"దొరసానికి తెలుగు యాడొచ్చన్నా?" అన్నాడు గొర్రెల ఓబుళేసు.

"నా చేతులు చూస్తే చాలప్పా, తెలుగెందుకు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి ఆ దేశం రైళ్ల పెద్దదొర చెవిన పడె. 'అయ్యో, ఇన్నేండ్లూ బండ్లు తప్పుగా తోల్తాంటిమే' అని తల కొట్టుకొని, అన్నీ నేను చెప్పినట్లే తిప్పె. తిప్పి నాకు తంతి కొట్టె. 'శ్రీరంగప్పా, అంతా బాగుండాది గానీ ఐర్లాండుకు పొయ్యేకి సముద్రం అడ్డముండాది, ఏం జెయ్యల్ల?' అని."

"ఏం జేస్తివి?"

"ఏముండాది జేసేకి! మన అనంతపురం కరువును రెండు గూడ్సు పెట్టెల్లో నింపి పంపిస్తి. ఒక పెట్టె తలుపు తీసినారో లేదో, సముద్రం మన చిత్రావతి ఏరు మాదిరి ఇసక తేలె! చేపలు కాళ్లు కాల్తాయని ఎగురుకుంటా పోయె. ఆ ఇసకలో పట్టాలేసి డబ్లిన్ దాకా బండి తోలిరి. రెండో పెట్టె తియ్యొద్దు, తీస్తే మీ దేశంలో గడ్డి గూడా మొలవదని నేనే చెప్పిస్తి. పాపం, దాన్ని వాపస్ పంపినారు. అందుకే ఈ ఏడు గూడా మనకు వానల్లేవు!"

అరుగంతా గొల్లుమంది. బాలప్పకూ నవ్వు వచ్చింది, వచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"మరి ఆ బండెక్కి అంత దూరం ఒక్కనివే పోతివా?" అన్నాడు పక్కింటి తిప్పయ్య.

"ఒక్కన్నే యాడ పోతానప్పా! మా ఆడమనిషి కిటికీ కాడ, నేను ఆమె పక్కన. స్టేషను స్టేషనుకూ దిగి నీళ్లు నేనే పట్టుకొచ్చిస్తి."

వాకిట్లోకి నాగలక్ష్మమ్మ వచ్చి నిలబడింది. అతుకుతున్న పట్టుపోగు ఇంకా వేళ్ల మధ్యే ఉంది.

"ఇద్దరమూ పోతిమా?"

"పోతిమి!"

"అయితే ఈడ పడుగు ఎవురు అతికిరి?"

సముద్రాన్ని ఇంకించిన మనిషికి ఈ చిన్న మాటకు అబద్ధం దొరకలేదు.

దొరసాని రావడం, పటం ఇవ్వడం నిజమేనని బాలప్పకు తెలుసు. ఆ కొత్తలో బావ అన్నం తిన్నాక పటం పరుచుకుని వేలితో ఊరూరా దిగుతుంటే, "ఈ ఊర్లో చలి ఉంటాదా?" అని అక్క అడిగేది. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఆశపడ్డారు. అది తలుచుకుంటే బాలప్పకు బావ మీద కోపం నిలవలేదు.

"నువ్వు పోవే," అన్నాడు శ్రీరంగప్ప, తల వంచుకుని. "మగ్గం నిలబడితే నిలబడనీ. ఎప్పుడో పంపల్సింది."

నాగలక్ష్మమ్మ సంచిలో రెండు చీరలు పెట్టుకుని తమ్ముడి వెంట బయలుదేరింది. వీధి మలుపు దాకా గబగబా నడిచి అక్కడ ఆగింది.

"అమ్మ ఇంకా నన్ను అడుగుతాందా బాలా?"

బాలప్ప సంచి ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"రోజూ అడుగుతాందక్కా," అన్నాడు. "పొద్దు గూకితే నీ పేరే."