పద్మక్క గటార్ మొక్కలు

ఏందే ఋతుజా, ఆ పేపర్ల కట్ట? కాలేజీ మొక్కలా? ముట్టుకోను తియ్, దూరం నుంచే చూస్తున్న. ఏమన్నవ్, సగమే అయినయా? మిగిలిన సగం ఆన్‌లైన్ల రెడీమేడ్ దొరుకుతయా? అంటే ఎవలో కోసి, ఎవలో ఎండబెట్టి, అతికించి పంపిస్తే నువ్వు కింద నీ పేరు రాసుకుంటవా? గట్లయితే ఆ అమ్మేటోడే పరీక్ష రాయరాదా, నువ్వెందుకు బిడ్డా బస్సుల పడి తిరుగుడు. కూసో ఈడ. ఫోను పక్కకు వెట్టు. మా అక్క పద్మ ఉంటే ఈ మాటకు నీ చెవు మెలేసేది. నీకు ఆమె యాదికుండదు, నువ్వు పాకే వయసుల ఉన్నప్పుడే పోయింది. మీ అమ్మ పెద్దమ్మ పెద్దమ్మ అంటదే, ఆమెనే.

ఈ భవాని పేట్ల మా గల్లీ నుంచి బి.ఎస్సీకి పోయిన మొదటి ఆడపిల్ల అది. చెట్లూ, జంతువులూ, రెండూ సదివింది. నాకప్పుడు పదమూడేండ్లు, దానికి పందొమ్మిది. ఇల్లంటే ఏముండె, ముందట ఒక అర్ర, వెనక ఒక అర్ర. ముందటి అర్రంత మా బాపు మగ్గమే. గుంతల కాళ్లు వెట్టి, పలక మీద కూసోని చద్దర్లు నేసేటోడు. వెనక మా అవ్వా నేనూ బీడీలు. అక్క మొక్కలు తెచ్చి పేపర్ల నడుమ పరిచి, బాపు కూసునే పలక కింద వెట్టేది. మొక్కల అణిచే చెక్క బిగింపు కాలేజీల ఉంటది గని ఇంటికియ్యరట. బాపు పొద్దుగాల కూసుంటే పొద్దుగూకేదాక లేవడు, ఇంక అంతకన్న బరువేం గావాలె? బాపు తన పేరు తనే దీసి గులుగుతుండె, "సిద్ధరాములు పిర్ర కింద తోట పెరుగుతున్నది సూడున్రి" అని. గులుగుతనే రోజూ లేచి, పలక ఎత్తి, పేపర్లు తనే మార్చేటోడు. అవ్వకు మాత్రం కోపం. వానకాలం పోతుంటే అక్క గునుగు పువ్వు తెచ్చి పలక కింద వెట్టింది. "బతుకమ్మకు పేర్చే పువ్వు మీద మొగోణ్ని కూసోబెడ్తవానే" అని రెండు రోజులు మాట్లాడలే.

కప్పల సంగతి ఇంకో కథ. ఇప్పుడు మీరు కప్పల గొయ్యరట గదా, కంప్యూటర్ల సూపిస్తరట. అప్పుడు కోసుడే. బల్ల మీద మైనం పళ్లెం, దాంట్ల కప్పను ఎల్లెల్కల పండబెట్టి, నాలుగు కాళ్లకు సూదులు గుచ్చి, నరాలు ఎట్ల పోతయో సూపియ్యాలె. ఒక్క నరం తెగినా మార్కులు పాయె. అక్క చెయ్యి ఒణకకపోతుండె. తెగిన పోగు అతికే ఇంట్ల పుట్టింది గదా, ఎందుకు ఒణుకుతది? ఇది గల్లీల తెలిసింది. కులపెద్ద పోచయ్య తాత పట్టు ధోతి కట్టుకోని, పూజ నుంచి సీదా మా ఇంటికచ్చిండు. "సిద్ధరాములూ, నీ బిడ్డ కప్పల గోస్తదట. ఆడపిల్ల చెయ్యి, రేపు అదే చేత్తోని అన్నం వెడ్తది. ఎవడు జేసుకుంటడు దాన్ని?" బాపు తలకాయ వంచుకున్నడు. అక్క వెనక అర్రల నుంచి వచ్చి, "తాతా, నీ ధోతి ఎన్ని పురుగుల ఉడకబెడితే తయారయిందో తెలుసా?" అన్నది. "వెయ్యి పైనే. నేను ఏడాది మొత్తంల ఆరు కప్పల గోసిన. లెక్క నువ్వే చెయ్." తాత ధోతి కుచ్చిళ్లు పట్టుకోని పోయిండు. ఉన్న మాటంటే ఉలుకెక్కువ. ఆ దినం అవ్వ దాన్ని చీపురు కట్టతోని కొట్టింది. అది నవ్వుకుంటనే తిన్నది దెబ్బలు.

ఇగ అసలు సంగతి. ఆ యేడు వానలకు అక్క నలభై మొక్కలు జమ జేసింది. బాపు సైకల్ దీసుకోని హోట్గి రోడ్డు పొంటి పోయేది, చెరువు గట్టు దాక. ఇప్పుడు మీ కాలనీ ఉన్నదే కుంభారిల, అప్పుడాడ ఒక్క గోడ లేదు, నడుము దాక గడ్డే. ఆడికీ పోయింది. ఏరుతోని సహా పీకి, ఎండబెట్టి, మందం కాయితాల మీద సూది దారంతోని కుట్టింది. కింద చీటీ రాసింది, మొక్క పేరు, ఏడ దొరికింది, ఏ తారీకు, ఎవలు కోసిన్రు. యూనివర్సిటీ పరీక్షల ఆ కట్ట సూపియ్యకుంటే ప్రాక్టికల్ ఫెయిల్, ప్రాక్టికల్ పోతే డిగ్రీ లేదు. పరీక్ష మార్చి నెలల. ఇంక తొమ్మిది దినాలున్నయనంగ, బాపు మగ్గానికి కొత్త పడుగు ఎక్కియ్యాల్నని ముందటి అర్ర ఖాళీ చేసిండు. కట్టకు ఒక పాత గోనె చుట్టి వెనక అర్రల వెట్టిన్రు, మా బీడీ ఆకు పక్కకు.

బీడీ ఆకు ఎట్లుంటదో నీకు తెల్వది. తునికాకు కరకర ఎండిపోయి వస్తది. నీళ్లు జల్లి, తడి గోనెల గట్టిగ చుట్టి వెట్టాలె, అప్పుడే మెత్తవడి కత్తెరకు వస్తది. సాయంత్రం ఆకు నానబెట్టుడు నా పని. చెయ్యి పని చెయ్యి జేస్తది, కండ్లు ఏడనో ఉంటయ్. గోనె కొసకు ఎండాకు కనిపించింది, రెండు చెంబులు గుమ్మరిచ్చిన. తడి గోనె సుట్టి, మీద రాయి వెట్టిన. మంచిగ జేసిన పని, ఏం లోపం లేకుంట జేసిన. మర్నాడు బీడీ కార్ఖానాకు సెలవు, మేం ఆకు ముట్టలే. మూడో దినం పొద్దుగాల కత్తెర పట్టుకోని నేనే ఇప్పిన. సిరా అంత కారింది, బూజు పట్టింది, గునుగు పువ్వు చేతికి జిగురు జిగురు అంటింది. నేను అరిచిన. అక్క వచ్చి చూసింది. నన్ను తిట్టలే, కొట్టలే. ఒక్కొక్క కాయితం ఇప్పుకుంట, అన్నీ చూసింది. నలభైకి నలభై.

దాని దోస్తు శీతల్, మంచి పిల్ల, ఆ సాయంత్రమే వచ్చింది. "పద్మా, నా దగ్గర యాభై ఉన్నయ్, పాతిక దీస్కో, చీటీ మార్చుకో" అన్నది. అవ్వ చేతులు జోడించింది ఆ పిల్లకు. అక్క ఏమన్నదో ఎరుకేనా? "ఎవలు కోసిన్రు అని ఒక గీత ఉంటది శీతల్. నువ్వు కోసినదానికి నా పేరెట్ల రాస్త?" అవ్వ తల కొట్టుకున్నది, "ఇది పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అని. మార్చిల బీళ్ల మీద ఏముంటది, అంత బూడిద. మరి నీళ్లు ఏడున్నయ్? మన పేట్ల ఉన్నయ్, గటార్ల, మురికి కాల్వల. తెల్లారి అక్క నా చెయ్యి పట్టుకోని లేపింది. "నడు, నువ్వే నానబెట్టినవ్, నువ్వే పీకు" అన్నది. ఇద్దరం గల్లీ గల్లీ తిరిగినం. గుంటగలగర, తుంగ, పిప్పింటాకు, జిల్లేడు, మసీదు గోడ పగుల్ల రావి మొలక. రంగు కార్ఖానా ఎన్క మోరీల ఒక గడ్డి ఉండె, ఎర్ర రంగు నీళ్లల్ల నాని దాని ఏర్లు ఎర్రగయినయ్. పోరగాండ్లు మా ఎన్క వడి, "గటార్ వాలీ, గటార్ వాలీ" అన్నరు. నాకు సిగ్గు. అక్క ఒకన్ని ఆపి, "అటుదిక్కు ఇంకేమున్నయో సూపియ్ రా" అన్నది. ఇరవై రెండు దొరికినయ్. బాపు ఆ వారం అన్నం గూడ పలక మీద కూసోనే తిన్నడు.

పరీక్షకు బయటి ఊరు నుంచి ఒక సార్ వచ్చిండట. కట్ట ఇప్పి, ముక్కు మూసుకోని, "హే కాయ్? గటారీతలం గవత్?" అన్నడట. గటార్ల గడ్డి తెచ్చినవా అని. "ఫీల్డ్ కలెక్షన్ ఏది?" "ఇదే సార్. పీకిన జాగ చీటీ మీద రాసిన." "ఈ ఏర్లకు రంగేసినవా?" "రంగు కార్ఖానా ఏసింది సార్. పది నిమిషాల దారి, వచ్చి సూడున్రి." "వానకాలంవి ఏవి?" అప్పుడన్నా ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు గదా, ఎలుకలు కొరికినయ్ అనొచ్చు గదా. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, మా చెల్లె బీడీ ఆకనుకోని నానబెట్టింది అని. సార్ నవ్విండు, ల్యాబంత నవ్వింది. ఫెయిల్ జేసిండు. అక్క ఇంటికొచ్చి నవ్వు సంగతి గూడ చెప్పింది, దాయలే. నేను వెనక అర్రల చాట మొకానికి అడ్డం వెట్టుకోని ఏడ్చిన.

ఏడాది బీడీలు చుట్టింది మాతోని. వానలకు మల్ల కుంభారికి పోయింది, మల్ల నలభై తెచ్చింది. కట్టల మీద మాత్రం ఆ ఇరవై రెండు గటార్‌వే వెట్టుకోని పోయింది. అవ్వ కాళ్లు పట్టుకున్నంత పని జేసింది, "కింద వెట్టవే, కనీసం కింద వెట్టు" అని. వినలే. ఈసారి వేరే సార్, ముసలాయన. ఎర్ర ఏర్ల కాయితం తీసి, భూతద్దం వెట్టి చూసి, ఏడిది అన్నడట. పోయినేడు చెప్పిన జవాబే చెప్పింది, ఒక్క మాట మార్చలే. "ఆ నీళ్లల్ల బతుకుతున్నదా ఇది?" అన్నడట ఆయన. "బతుకుతున్నది సార్, పూస్తున్నది గూడ." పాసయింది. తర్వాత పేట్ల బడిలనే ముప్పై ఏండ్లు సైన్సు చెప్పింది.

పోయేముందు దవాఖానల నేనే ఉన్న దాని దగ్గర. ఒక దినం మధ్యాహ్నం, జర మంచిగున్నది, నవ్వుతున్నది. నేననుకున్న, ఇప్పుడన్న అడుగుదాం అని. ఇన్నేండ్లల్ల నేను అడగలే, అది అనలే. "అక్కా, ఆ మొక్కల సంగతి, నన్ను మాఫ్ జేసినవా?" అన్న. అది నా దిక్కు చూసింది. "జెయ్యలే" అన్నది. "నా ఏడాది పోయింది అంజీ. ఎందుకు మాఫ్ జెయ్యాలె?" అన్నది. అబద్ధం దాని నోట్లకు రాదు బిడ్డా, సావు ముందట గూడ రాలే. నాకు బాధయిందా అంటే అయింది, ఇప్పటికీ అయితది. కానీ అప్పుడు అది "మాఫ్ జేసిన తియ్" అంటే నేను నమ్మకపోదును. తర్వాత జర అటు జరిగి, మంచం మీద నాకు జాగ ఇచ్చింది. "రెండు దినాల నుంచి కూసునే ఉన్నవ్, పండుకో" అన్నది. పండుకున్న. ఇద్దరం...

కుక్కర్ ఎన్ని సీటీలు గొట్టిందే? పోయి సూడు, పప్పు మాడుతది.