నోట రాని పేరు

అట్ల చూస్తవేందయ్యా, ఎవలో పరాయిదాన్ని చూసినట్టు? కాళ్లు కడుగుతున్న, గుంజుకోకు జర. చెప్పులు లేకుంట కొత్తకోట సడక్ దాక నడుస్తివి, ముండ్లు ఇరిగి లోపల్నే ఉన్నయి.

పొద్దుగాల నుంచి నీ కోసం తిరగని జాగా లేదు. హోటల్ కాడ మంది నడుమల కూసోని ఉన్నవు. పోయిన పానం తిరిగొచ్చినట్టయింది. ఇంటికి పోదాం దా అని చెయ్యి పట్టిన. నువ్వేమంటివి? ఈమె ఎవలో నాకు తెల్వదంటివి. పెండ్లయిన కాడికెంచి నీ గొర్ల మంద ఎనుక, నీ ఎనుక తిరిగినదాన్ని. సిగ్గుతోని సచ్చిపోయిన.

హోటలాయన నా దిక్కు ఒకతీరుగ చూసిండు. నీ మొగడైతే పేరు చెప్పమన్నడు. నోటి దాక వచ్చింది, బయటికి రాలె. మొగని పేరు తీస్తె ఆయుష్షు తరుగుతదని మా అవ్వ చెప్పింది గద. ఇన్నేండ్లు మన బిడ్డ పేరు మీద సుక్కమ్మ నాయిన అనే పిలిస్తి. మన ఊరి కిష్టయ్య బస్సు దిగి, మనం ఆలుమగలమేనని చెప్పిండు గనక సరిపాయె. లేకుంటె నిన్ను నా ఎంట పంపుతుండిరా?

పాలమూరు దవాఖానల డాక్టరు సారు ఏం చెప్పిండో యాదున్నదా? నీకేడ యాదుంటది. మనం పీల్చే గాలే ఏండ్లకేండ్లు లోపల సిలుము పట్టిస్తదంట, ఇనుముకు పట్టినట్టు. ముసలితనమంటె గదేనేమోనని దేశం కాని దేశంల పెద్ద డాక్టర్లు ఇప్పుడిప్పుడే అనుకుంటున్నరంట. నీ మెదడు నరాలకు గుడ గట్లనే అయిందేమో, ఖరారుగ చెప్పలేనన్నడు. మందయితే లేదన్నడు.

నాకు సమజ్ కాలేదనుకున్నవా? కోసిన వంకాయ గాలికి నల్లవడదా? అందుకే గద ఉప్పునీళ్లల్ల ఏస్తం. "మరి ఈయన తలకాయను ఏ నీళ్లల్ల ఎయ్యాలె సారూ?" అని అడిగిన. సారు నవ్వలె.

నిరుడు దాక ఏ పిల్ల ఏ గొర్రెదో మొఖం చూసి చెప్పేటోనివి. తప్పిపోయినదాన్ని ఎత్తుకపోయి తల్లి కాడ ఇడిసేటోనివి. నా మొఖమే తెల్వకపాయెనా నీకు?

ఇగ ఏం ఆయుష్షు, ఏం తరుగుడు. నన్ను గుర్తువట్టకుంట నువ్వు నూరేండ్లు బతికితె నాకేం ఒరిగింది? పేరు ఇంటెనన్న ఇటు చూస్తవేమో. తప్పయితె నన్ను కొట్టనీ ఆ దేవుడు.

ఐలేశం.

ఓ ఐలేశం, ఇన్నవా?

ఏందీ? ఐలేశం ఇంట్ల లేడంటవా? గొర్లెంబడి పోయిండా?

సరె తీయి. గీ అంబలి తాగు. ఆయన వచ్చేదాక ఇద్దరం ఈడనే కూసుందాం.