సూది పట్టిన చెయ్యి

కడుపుతో ఉండగా షుగరు వచ్చిన ఆవిడ, పొద్దున ఇన్సులిన్ వేసుకున్న కాసేపటికే కళ్ళు తిరిగి పడబోయింది. ఇప్పుడు ఆసుపత్రి బెంచీ మీద తేరుకుని కూర్చుంది. పక్కనే దర్జీ మొగుడు.

"ఇందాక షుగరు చూడ్డానికి నర్సమ్మ వేలు గుచ్చితే కెవ్వుమన్నాను. రోజూ పొద్దున్నే నేను నిద్రలో ఉండగా మీరు గుచ్చితే ఒక్కనాడూ మెలకువ రాలేదేం?"

"సూది పట్టిన చెయ్యి కదా! తెలియకుండా గుచ్చుతా."

"అబ్బో! మరి నా వేళ్ళ మీద ఒక్క గుర్తూ లేదేం? రఫూ చేసేశారా?"

అతను చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"చూపించండి ఆ వేళ్ళు."

"నువ్వు నిద్రపోతుంటే గుచ్చబుద్ధి కాలేదే. ఒకే పొయ్యి మీద వంట, ఇద్దరం తినేది అదే తిండి. ఎవరి వేలైతే ఏంటని, నాదే గుచ్చుకున్నా."

"ఎంత ప్రేమండీ! పక్కింటాయన కొలతలతో మీ కొట్లో ఎవరికైనా చొక్కా కుట్టారా?"

"తప్పయిపోయింది. డాక్టరమ్మ ఏమంది?"

"బిడ్డ బాగానే ఉందట. తిండి అదుపులో పెట్టుకుంటే నాకు చాలట, ఇన్సులిన్ అక్కర్లేదట."

"అమ్మయ్య! గండం గడిచింది."

"గడిచింది నాకు. ఇన్నాళ్ళూ ఆవిడ మందు పెంచుతూ పోయింది ఎవరి రక్తం చూసి?"

అతను గుచ్చుకున్న తన వేళ్ళ వంక చూసుకున్నాడు.

"లేవండి లోపలికి. మిగిలిన ఇన్సులిన్ వృథా పోదులెండి."