ఒళ్లో అమ్మ, వెనక పడవ

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో పడవలు నీళ్లలోకి దించే ఏటవాలు ర్యాంపు. సముద్రపు పోటు తిరిగి నీళ్లు వెనక్కి తీయడం మొదలైన పొద్దుటి వేళ. స్టీరింగు దగ్గర పదహారేళ్ల అమూల్య, పక్క సీట్లో గుడ్డ కట్టిన కుండను ఒళ్లో పెట్టుకున్న తండ్రి వంశీధర్, కారు వెనక ట్రైలరు మీద పడవ.

“ఆపు, ఆపు! అటు కాదే, ఇటు!”

“ఇటంటే ఎటు నాన్నా? చేత్తో చూపించు.”

“చేతులెక్కడున్నాయే నాకు? మీ అమ్మని పట్టుకున్నాను కదా.”

“వన్ మినిట్ డాష్‌బోర్డు మీద పెట్టొచ్చుగా.”

“అస్థికలు బయల్దేరాక నీళ్లలో కలిపేదాకా కింద పెట్టకూడదని నాన్నమ్మ చెప్పిందా లేదా?”

“నేల మీద పెట్టొద్దంది. డాష్‌బోర్డు నేలా?”

“వాదించకు. ముందుకెళ్లి మళ్లీ రివర్సు చెయ్యి.”

“ఎడమకి తిప్పితే ఈ ట్రైలరు కుడికి పోతోంది. ఐ హేట్ దిస్ థింగ్.”

“అదంతే. మొండిది. మీ అమ్మయితే ఒంటి చేత్తో...”

“అమ్మ చేసేది. నువ్వెప్పుడైనా చేశావా?”

“నేను వెనకాల నిలబడి రా, రా అనేవాణ్ణి. చూశానుగా ఇన్నేళ్లూ.”

“చూస్తే వచ్చేస్తుందా?”

“నోరు కాదు, బ్రేకు! బ్రేకు తొక్కు! అదిగో, మళ్లీ అడ్డం తిరిగింది. వెనక లైను కట్టేశారు. ఆ టోపీ ఆయన తిట్టుకుంటున్నాడు.”

“తిట్టుకోవట్లేదు, థంబ్సప్ చూపిస్తున్నాడు. ఆయన్ని అడగనా? టూ సెకండ్స్‌లో పెట్టేస్తాడు.”

“వద్దు. పరాయివాడి చేతికివ్వడానికి మనం చేపలవేటకి రాలేదు.”

“కారు జారిపోతే? అక్కడ మొసళ్ల బోర్డుంది నాన్నా. నాకు భయంగా ఉంది.”

“అవి ఉన్నాయనేగా పడవ తెచ్చింది. లేకపోతే మోకాల్లోతు దిగి కలిపేసేవాళ్లం. సర్లే, పోనీ. ఇంటికెళ్లిపోదాం. వచ్చే వారం చూద్దాం.”

“పోయిన వారమూ అదే అన్నావ్. అంతకుముందు గాలి అన్నావ్. నాన్నమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. ‘నా కోడల్ని ఇంకా గరాజులోనే వేలాడదీశారా’ అంటోంది.”

“నువ్వేమన్నావ్?”

“నాకు రివర్సు రావట్లేదన్నాను. నా వల్లే లేటని. నువ్వు చెప్పిందే చెప్పాను.”

“పోనీలే, పెద్దావిడ. ఏదో అంటుంది.”

“పోనీలే ఏంటి? స్కూలుకి వెళ్లేటప్పుడు నేను గరాజు వైపు చూడను, తెలుసా? నా వల్లే అమ్మ అక్కడ ఉండిపోయిందని...”

“అలా అనకు తల్లీ.”

“మరి చెప్పు. అమ్మ ఎలా చేసేది? సరిగ్గా చెప్పు.”

“ఏముందీ... స్టీరింగు పైన పట్టుకునేది కాదు. అడుగున పట్టుకునేది.”

“అడుగునా? ఇలా?”

“ఆఁ. ట్రైలరు ఎటు పోవాలో చెయ్యి అటు. ఒక్క రవ్వ. పప్పులో ఉప్పేసినట్టు వెయ్యాలనేది. ఎక్కువేస్తే తీయలేం అనేది.”

“ఇన్ని వారాల నుంచీ ఇది ఎందుకు చెప్పలేదు?”

“గుర్తు రాలేదు.”

“ఇన్నేళ్లూ చూశానన్నావ్?”

“నన్ను కాదు, అద్దం చూడు.”

“చూస్తున్నా. రవ్వంత... రవ్వంత... నాన్నా, వస్తోంది!”

“మెల్లిగా.”

“స్ట్రెయిట్‌గా వస్తోంది! చూడు, నేను తిప్పిన వైపే పోతోంది! చక్రాలు నీళ్లలోకి దిగాయి.”

“చాలు, ఆపు.”

“ఇంకొంచెం. పడవ తేలాలిగా.”

“చాలన్నానా!”

“తేలింది! నాన్నా, తేలింది! హ్యాండ్‌బ్రేకు వేశాను. దిగు.”

“డోరెలా తీయనే? చేతులు ఖాళీ లేవు.”

“నాన్నా, దిగు. ఆగు, డోర్ నేనొచ్చి తీస్తా.”

“వంకరగా వచ్చిందమ్మా.”

“లేదు. అద్దంలో చూడు.”

“వంకరే. పైకి లాగు. మళ్లీ మొదట్నుంచి చేద్దాం.”

“నీళ్లు తగ్గిపోతున్నాయి. కాసేపుంటే ఇక్కడంతా బురదే.”

“బురదైతే రేపొద్దాం. నీకింకా సరిగ్గా రాలేదు తల్లీ. ఇంకా నేర్చుకోవాలి. ఇంకా... ఇంకొన్నాళ్లు...”

“నాన్నా, ఇటు చూడు. అమ్మని నాకివ్వు. నేనెత్తుకుంటాను. నువ్వు నా భుజం పట్టుకుని దిగు.”