చెప్పులు తిరగేసిన మధ్యాహ్నం

అన్నలారా, అక్కలారా, కుర్చీలు సరిపోక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లారా!

దుకాణాలు మూసుకుని, డ్యూటీలు మార్చుకుని ఇంతమంది వచ్చారు. ప్రకాశం ఉంటే ఈ జనాన్ని చూసి "ఏంది భాయ్, ఎవని పెండ్లి?" అనేవాడు. అట్లా అనే మనిషి ఇప్పుడు ఫోటో అయిపోయి, దండ వేయించుకుని ఆ స్టూలు మీద ఉన్నాడు. నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నేను బర్రెల ఆగయ్యను. పాలు పోయడం తప్ప ఉపన్యాసాలు చెప్పడం రాదు. ప్రకాశం కుక్కల్ని పెట్టుకున్న షెడ్డు నాది కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. నాలుగు మంచి మాటలు చెబుదామనే లేచాను. కానీ ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య కళావతమ్మ ముఖం చూశాక మంచి మాటలు నోట్లోంచి రావడం లేదు. సిగ్గు ముంచుకొస్తోంది. ఇక్కడున్న అందరికీ రావాలి. కోపం వచ్చినా సరే, లేచి పోకుండా వినండి.

కొత్తవాళ్లకు తెలియదు కాబట్టి చెప్తాను. ప్రకాశం బస్సు డిపోలో టైమ్‌కీపర్. డ్యూటీ దిగాక ఇంటికి పోవలసిన మనిషి, పురానాపూల్ దగ్గర నా కొట్టం వెనక ఉన్న షెడ్డుకు పోయేవాడు. లారీ కింద కాలు విరిగిన కుక్క, గజ్జి పట్టి ఎవరూ ముట్టని కుక్క, దొరగారు బదిలీ మీద పోతూ గేటు బయట వదిలేసిన కుక్క, అన్నీ అక్కడికే చేరేవి. మనలో కొందరం సెలవు దొరికితే పోయి కడిగేవాళ్లం, మందు రాసేవాళ్లం. జీతం లేదు, చాయ్ కూడా మనమే తెచ్చుకోవాలి. అయినా పోయేవాళ్లం. ఎందుకు? ఆయన పిలిచే పిలుపు అట్లాంటిది.

ఆయనేమైనా అన్నీ తెలిసి పుట్టాడా? లేదు. ఆయన చేసినన్ని తప్పులు ఎవరూ చేయలేదు. పత్తర్‌గట్టిలో ఒకసారి పొడుగు కాళ్లు, లోపలికి పోయిన డొక్కలు, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న కుక్క ఒకటి దొరికింది. "అయ్యో, బక్క ప్రాణి, తిని ఎన్ని దినాలైందో!" అని బిర్యానీ మిగులు, నెయ్యి అన్నం, పాలు మేపాడు. పాలు నావే, అడగకుండా తీసుకుపోయాడు. కుక్కకు కడుపు పాడైంది, షెడ్డంతా కంపు. చివరికి, నవాబుల పాత దేవిడీ బంగళాలో వేటకుక్కల్ని సాకిన ఒక ముసలి సాయిబు వచ్చి చూసి పడీ పడీ నవ్వాడు. "అరే మియా, ఇస్కీ జాతిచ్ పత్లీ హై!" అన్నాడు. దాని జాతే సన్నం. అది పరుగు కుక్క, దానికి కావలసింది నెయ్యి కాదు, మైదానం. ప్రకాశం తల గోక్కుని, మరుసటి రోజు నుంచి సైకిల్ మీద దాన్ని మూసీ ఒడ్డున ఉరికించాడు. "జాలి పడుడు తేలికనే ఆగన్నా, ముందుగాల గదేందో అడిగి తెల్సుకోవాలె" అన్నాడు నాతో.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఒక ఆల్సేషన్ వచ్చింది. మస్తు అందమైన కుక్క. పిలిస్తే తల కూడా తిప్పదు. "వీనికి పొగరెక్కువ" అని ప్రకాశమే నవాబు అని పేరు పెట్టాడు. ఆ నవాబు వెనక నుంచి ఎవరు ముట్టినా కరిచేది. పిచ్చిది, సూది వేయించి చంపేద్దాం అన్నాం. ప్రకాశం చేతికి కట్టు, కాలికి కట్టు. ఒకరోజు నేను దాని వెనక పాల క్యాన్‌కు మూత ధడాలున కొట్టాను. షెడ్డులో ఉన్న కుక్కలన్నీ ఎగిరి పడ్డాయి. నవాబు మాత్రం కదల్లేదు. ప్రకాశం నేల మీద కూలబడి ఒకటే నవ్వు. "అది చెవిటిదైతే నేను గుడ్డోన్ని గదా అన్నా!" అన్నాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచి షెడ్డు తలుపు దగ్గర అందరం కాలు గట్టిగా నేలకు కొట్టి లోపలికి పోతాం. ఆ అదురు నవాబు పాదాలకు తెలుస్తుంది. మళ్లీ ఎవర్నీ కరవలేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను.

మన బస్తీలో కుక్క ఏడిస్తే ఏం చేస్తాం? చెప్పు తిరగేసి పెడతాం. కుక్క నోరు మూతపడుతుంది, చావు పక్క వీధికి పోతుంది అని. మా అమ్మ పెట్టింది, నేను పెట్టాను, మీరూ పెట్టారు. ప్రకాశం చెప్పి చెప్పి అలసిపోయాడు. "అది చావును పిలుస్తలేదు, మనల్ని పిలుస్తున్నది. జర పొయ్యి సూడుండ్రి."

సుందరమ్మా, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా? నిరుడు ఎండాకాలం నువ్వు పెరట్లో జారి పడి, తుంటి విరిగి, గొంతు పెగలక పడి ఉన్నప్పుడు ఈ కుక్కలే ఏడ్చాయి. గల్లీ గల్లీ అంతా గడపల ముందు చెప్పులు తిరగేసింది. ఒక్క మనిషి మాత్రం చెప్పులు తొడుక్కున్నాడు. వచ్చి నిన్ను ఎత్తుకుని రిక్షాలో వేశాడు.

అదంతా మనం చూశాం. చూసి ఏం నేర్చుకున్నాం?

ప్రకాశం పోయిన ఆ ఆదివారం కళావతమ్మ జహీరాబాద్‌లో ఉన్న పుట్టింటికి పోయింది. ప్రకాశం షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం కుక్కలన్నీ ఒక్కసారి ఏడుపు ఎత్తుకున్నాయి. అందరం విన్నాం కదా? వినలేదని చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే చేయి ఎత్తండి.

ఎవరూ ఎత్తరు. నేను కొట్టం ముందు మంచం మీద ఉన్నాను. లేచాను. షెడ్డుకు పోవడానికి కాదు, చెప్పు తిరగేయడానికి. తిరగేసి మళ్లీ పడుకున్నాను. నవాబు గొలుసు తెంపుకుని గల్లీలోకి వచ్చి ఒక్కో గుమ్మం ముందు నిలబడ్డాడు. ఒకరు నీళ్లు చల్లారు, ఒకరు రాయి విసిరారు. సుందరమ్మా, తల దించుకోకు, నువ్వొక్కదానివే కాదు. ఆ కుక్క చెవిటిది. ఏ అరుపూ విని రాలేదు, పడిపోయిన మనిషిని కళ్లతో చూసి వచ్చింది. మనకు చెవులు బాగానే ఉన్నాయి.

సాయంత్రం కళావతమ్మ బస్సు దిగి నేరుగా షెడ్డుకు పోయింది. అలవాటుగా కాలు నేలకు కొట్టి తలుపు తీసింది. ఆ తర్వాత ఆమె కేక విని అందరం ఉరికాం. అప్పుడు మాత్రం చెప్పులు లేకుండానే ఉరికాం. ప్రకాశాన్ని మోసుకుపోయిన దవాఖానలో డాక్టరు ఏమన్నాడో నాకు, నాతో వచ్చిన దుర్గయ్యకు తెలుసు. "పగలే తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్లం" అన్నాడు. ఇన్నాళ్లూ కళావతమ్మకు ఆ మాట దాచాం. అమ్మా, ఈ రోజు అందరి ముందు చెప్తున్నాను. నీకు మేం ముఖం చూపించదగ్గ వాళ్లం కాము.

ఇంత చేశాక బస్తీ పెద్దలు నా దగ్గరికి వచ్చి ఏమన్నారు? "కుక్కలు ఏడ్చి ఏడ్చి మనిషిని మింగినయ్. షెడ్డు ఖాళీ చేయించు, బండిని పిలుస్తం" అన్నారు. కుక్కల బండి ఎక్కినవి ఎక్కడికి పోతాయో, తిరిగి వస్తాయో రావో మనకు తెలియనిది కాదు. నేను ఏమన్నాను? "దినాలు కానియ్యుండ్రి" అన్నాను. ఛీ, నా నోటికి! దినాలు అయిపోయాయి. రేపు పొద్దున బండి వస్తుంది.

రానీ. ముందు నా బర్రెల్ని ఎక్కించుకుని, నన్ను ఎక్కించుకుని, ఆ తర్వాత షెడ్డు తలుపు ముట్టమనండి. కానీ నా ఒక్కడితో ఆ కుక్కలు బతకవు. కడగాలి, మందు రాయాలి, ఉరికించాలి. ఏది కోపంతో మొరుగుతుందో, ఏది భయంతో మొరుగుతుందో ఓపికగా చూసి తెలుసుకోవాలి. అడగడానికి నాకు ముఖం లేదు, అయినా అడుగుతున్నాను.

ఈ సభలో లొల్లి చేయొద్దని ఎవరో వాటిని లోపల కట్టేసి వచ్చారు. ఈ టెంటు వెనకే ఉన్నాయి. కాసేపట్లో మనం నోరు మూసుకుంటే వాటి గొంతు మనకు వినిపిస్తుంది.

లేవండి. కళావతమ్మా, నువ్వు కూర్చో తల్లీ, నిలబడాల్సింది మేము. ప్రకాశం కోసం అందరం మౌనంగా నిలబడదాం. ఈ మౌనంలో అవి ఏడిస్తే ఎవరూ అదిలించకండి. చెప్పులన్నీ టెంటు బయట ఉన్నాయి. వాటిని ఎవరూ తిరగేయకండి. మౌనం అయ్యాక తొడుక్కుని, షెడ్డు దాకా నాతో రండి.