జగ్గు లేని చాయ్

మణుగూరు గని ఆఫీసు ముందట సమ్మక్క చాయ్ దుకాణంల జంపయ్య నోరు తెరిచిండంటే గ్లాసులు చల్లారాల్సిందే. ఆ పొద్దు మాత్రం మహిమ తాగకుండనే గ్లాసు పక్కకు వెట్టింది. ఆమె, జంపయ్య ఇద్దరు టెంపరరీగ చేసే కంప్యూటర్ రూంల ఉన్నది ఒక్కటే పర్మినెంట్ పోస్టు. ఎవరి పేరు పంపాల్నో తేల్చే వీరేందర్ సార్ అదే బల్ల మీద కూసున్నడు. జంపయ్యేమో ఆమె చేసిన పనిని తన పనని చెప్పుడు మొదలువెట్టిండు.

"మన సర్వర్‌ల సేఫ్టీ వీడియో నలుగురు ఒక్కసారి అడిగితే చాలు సార్, ఆగిపోతుండె. ఎందుకంటరు? డిస్కుల ఫైలును ఆపరేటింగ్ సిస్టమ్ తన మెమరీలకు తెస్తది, ప్రోగ్రాం దాన్ని తన మెమరీలకు కాపీ చేసుకుంటది, మళ్ల తిప్పి సిస్టమ్‌కే కాపీ చేసిస్తది, గప్పుడు నెట్‌వర్క్‌కు పోతది. అంటే గిన్నెల చాయ్ జగ్గుల వంచి, మళ్ల గిన్నెలనే వంచి, గప్పుడు గ్లాసుల పోసినట్టు. నేను జగ్గు తీసేసిన. సెండ్‌ఫైల్ అని ఒక్క మాట రాసిన, గిన్నెలకెళ్లి సీదా గ్లాసులకే."

సమ్మక్క చాయ్ వడవోస్తున్న చెయ్యి ఆపి జంపయ్య దిక్కు చూసింది.

"గట్టి పనే," అన్నడు సార్. మహిమ తల వంచుకున్నది. మూడు ఐతారాలు చర్చికెళ్లి సీదా ఆఫీసుకు వచ్చి, ఒక్కతే కూసొని చేసిన పని అది. చెప్పుకునే నోరే లేకపాయె ఆమెకు.

సార్ మెచ్చుకునేసరికి జంపయ్యకు ఊపొచ్చింది. "ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? నలుగురి కాడ నాలుగు వందల మంది చూసిన్రు. అంతకుముందు సర్వర్ మీద అన్నం ఉడికేది, ఇప్పుడు పని లేక ఎంత చల్లగైందంటే దాని మీద పెరుగు తోడేస్తే తోడుకుంటలేదు. భద్రాచలం పంపితే ఫైలు గోదావరి దాటుడు కండ్లకు ఆనలే. అశ్వారావుపేటకైతే నేను బటన్ నొక్కకముందే చేరింది. వాళ్లు చూసి, మంచిగుందని ఫోన్ చేసిన్రు, గప్పుడు నేను నొక్కిన."

"నొక్కకపోతే ఏమయ్యేది?" సార్ నవ్వాపుకుంట అడిగిండు.

"పాపం, వాళ్లు చూసిందంత మర్చిపోవాల్సి వస్తుండె."

అంత కోపంల సుత మహిమకు నవ్వొచ్చింది.

సమ్మక్క గిన్నె దించింది. "ఇంతల ఒక్క కాపీ సుత కాలేదంటవ్, తమ్మీ?"

"ఒట్టు అక్కా, ఒక్కటి కాలే."

"ఒక్కటైంది. మొన్న ఐతారం నా గిన్నె, నా జగ్గు చూపెట్టి మహిమ తను చేసిన పని నాకు చెప్పింది. నువ్వు గీ బల్ల మీదనే ఉంటివి. అప్పటిసంది నేను జగ్గు ముట్టలే. ముచ్చటేమో ఆమె నోట్లెకెళ్లి నీ నోట్లెకు కాపీ అయింది."

జంపయ్య గ్లాసు కింద వెట్టిండు. "అవ్ సార్," అన్నడు మెల్లగ. "గంత మంచి పని చూసినంక, నేనే చేసిన్నని చెప్పుకోబుద్ధైంది."

వీరేందర్ సార్ జేబులకెళ్లి కాయితం తీసిండు. "నీ పేరు ఇంటిపేరుతోటి చెప్పమ్మా, పోస్టుకు రాసుకుంట."

మహిమ ఈసారి గట్టిగనే చెప్పింది.